పొడికీ తడికీ మధ్య

ఏప్రిల్ 28
మధ్యాహ్నం పన్నెండు. పొడి 46, తడి 24. పక్షులు 23.

ఈ రోజు నుంచి ఈ పుస్తకం నేను రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళుగా సిస్టర్ ఆరోగ్యమ్మ రాశారు. ఆయాసం ఎక్కువై ఆమె ఇక కొండ మీద ఉండలేకపోయారు. ఉదయం బాలశౌరి బాబాయ్ ఆమెను నీళ్ళ బండిలో ముందు సీటు మీద కూర్చోబెట్టుకుని ఊళ్ళోని చల్లటి నేలమాళిగకి తీసుకువెళ్ళాడు. వెళ్ళేముందు ఆమె తాళాల గుత్తి, రెండు పుస్తకాలు నా చేతిలో పెట్టారు. ఒకటి ఇది. రెండోది ఆమె రాసిన నియమాల పుస్తకం, గోధుమరంగు అట్ట.

"ఇందులో ఉన్నట్టు చెయ్యి జెసింతా. నీకు చెప్పక్కర్లేదులే. పుస్తకం దాటే పిల్లవి కావు."

ఒకటో తరగతి నుంచి పది దాకా నేను ఇక్కడే చదివాను. తరగతి గదులకు ఇప్పుడు కప్పులు లేవు. చాపెల్ ఒక్కటే మిగిలింది, గోడలు రెండు మూరల మందం కాబట్టి. మేము మోకరించిన చోట ఇప్పుడు గిజిగాళ్ళు ఉంటాయి. బయట గిజిగాడిని చూశానని ఎవరైనా చెప్పి పన్నెండేళ్ళయింది.

ఉత్తరం వరండాలో రెండు థర్మామీటర్లు పక్కపక్కన వేలాడుతుంటాయి. ఒకటి పొడిది. రెండోదాని అడుగున తడిగుడ్డ చుట్టి ఉంటుంది. రెండూ చూసి రాయాలని పుస్తకంలో ఉంది. ఎందుకో లేదు. రాస్తున్నాను.

ఏప్రిల్ 30
పొడి 46, తడి 24. పక్షులు 23.

పది గంటలకు సైరన్ మోగితే ఊరంతా మాళిగలోకి దిగిపోతుంది. ఐదున్నర దాకా రోడ్ల మీద ఎవరూ ఉండరు. మాళిగ కరెంటు మనుషులకు మాత్రమే. పిట్టలకు ఈ గోడలు, పైన సౌర పలకలతో తిరిగే నాలుగు ఫాన్లు, వట్టివేళ్ళ తడికలు, నీళ్ళు. నాకు మున్సిపాలిటీ వాళ్ళిచ్చిన చలువ చొక్కా ఉంది. దాని సన్నటి గొట్టాల్లో చల్లటి నీళ్ళు తిరుగుతుంటాయి. బ్యాటరీ ఏడు గంటలు వస్తుంది. అది వేసుకుంటే బయట ఏప్రిలో డిసెంబరో తెలియదు.

గోధుమ అట్ట పుస్తకం, నాలుగో పేజీ: "పొడి ముప్పై ఎనిమిది దాటగానే తలుపులు, కిటికీలు మూయాలి. పడమటి తడికలు గంట గంటకీ తడపాలి. పక్షులు నోరు తెరిచి రొప్పితే తుంపర కుళాయి తిప్పాలి. రొప్పు ఆగకపోతే తుంపర పెంచాలి."

పెంచాలి అన్న మాట కింద గీత ఉంది.

ఈ రోజు బయట 46 అయితే లోపల 32. గోడకు చెయ్యి ఆనిస్తే చల్లగా ఉంది. సిస్టర్ ఎంత తెలిసిన మనిషో అనుకున్నాను.

మే 3
పొడి 47, తడి 24. పక్షులు 23.

నానబెట్టిన కొర్రలు తెల్లవారకముందే పెట్టాను. ఎండెక్కాక పెడితే పులుస్తాయి. కీరదోస చక్రాలు పదింటికి. మట్టి మూకుళ్ళలో నీళ్ళు రెండు వేళ్ళ లోతు. అంతకంటే ఎక్కువైతే పిల్లపిట్టలు తడిసి లేవలేవు.

బాబాయ్ నీళ్ళు తెచ్చాడు. పైపు తొట్టిలో వేసి కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఆయన రోజూ చూసేది ఒక్కదాన్నే.

"ఏవయ్యా మేస్త్రీ, పనెప్పుడు మొదలెడతావ్?"

మేస్త్రి అంటే ముసలి మగపిట్ట. తొమ్మిదేళ్ళు. తల మీద పసుపు ఈ వారమే తేలింది.

"వానకి బాబాయ్," అన్నాను. "వాన వాసన తగిలితే కడతాడట."

"మా ఇంటి పనికొచ్చినోడూ అట్టానే చెప్పాడు. వానాకాలం అన్నాడు, సంక్రాంతి అన్నాడు. ఈడు నయంలే, ముందే కూలి తీసుకోలా."

నేను నవ్వాను. ఆయన ముందు నాకు మాట సులువుగా వస్తుంది. ఆయన సమాధానం కోసం ఎదురుచూడడు.

ఆయన చలువ చొక్కా పాడై ఆరు నెలలు. కొత్తది ఇంకా రాలేదు. మెడలో తడి తువాలుతో తిరుగుతున్నాడు.

మే 6
పొడి 46, తడి 25. పక్షులు 23.

తర్వాత ఈ పుస్తకం చదివేవాళ్ళ కోసం ఇది రాసి పెట్టాలి.

మన దగ్గర ఉన్న మగపిట్టల్లో గూడు అల్లడం వచ్చింది మేస్త్రికి ఒక్కడికే. కుర్ర మగపిట్టలు నాలుగున్నాయి. అవి ప్లాస్టిక్ గూళ్ళలో పుట్టాయి. పోయిన రెండేళ్ళూ వానలు రాలేదు, మేస్త్రి కట్టలేదు, అవి చూడలేదు. నిరుడు వాటికి ఈత ఆకు ఇస్తే చీరికలు తీశాయి, కొమ్మకు చుట్టాయి, వదిలేశాయి. చీరికలన్నీ జారి కింద పడ్డాయి. నలభై దాకా ఏరాను.

సిస్టర్ నమ్మకం ఏమిటంటే, మేస్త్రి కడుతుంటే ఒక్క కాలం చూస్తే వాటికి వచ్చేస్తుంది. గూడు కట్టగలిగితేనే వాటిని ఏదో ఒక రోజు బయటికి వదలగలం. ఈ వేసవి దాటించాల్సింది ఇరవై మూడు పిట్టల్ని. అయినా సిస్టర్ వెళ్తూ వెళ్తూ బండి అద్దంలోంచి ఒక్క మాటే అన్నారు. "వాన దాకా మేస్త్రి జాగ్రత్త."

మే 9
పొడి 45, తడి 26. పక్షులు 23.

ఒక ఆడపిట్ట మధ్యాహ్నం నేల మీద రెక్కలు పరిచి పడిపోయింది. చేతిలోకి తీసుకుని కాళ్ళు మాత్రం నీళ్ళలో ఉంచాను. ముక్కు పక్కన ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు ఒక్కో చుక్క. పావుగంటకు నా వేలు కొరికింది. సంతోషం వేసింది.

రాత్రి దాకా ఆగకుండా అప్పుడే సిస్టర్‌కి చెప్పాలనిపించి ఫోన్ చేశాను. మాళిగలో ఫోన్ ఒక్కటే. ఎత్తగానే మాట స్పీకర్లో హాలంతా వినిపిస్తుంది, ఎవరి కోసం చేశారో తెలియడానికి. రెండు వందల మంది జపమాల చెప్పుకుంటున్నారు.

"సిస్టర్, నేను జెసింతని."

నా గొంతు నాకే హాలంతా తిరిగి వినిపించింది. ఎవరో నవ్వారు. "పిట్టల పిల్లా? ఏంటమ్మా, పిట్ట తుమ్మిందా?" అని ఒక ఆడమనిషి. ఇంకా చాలామంది నవ్వారు.

"ఏం లేదు సిస్టర్," అని పెట్టేశాను.

చిన్నప్పుడు ఇదే చాపెల్‌లో పాటల గుంపులో రెండో వరసలో నిలబడేదాన్ని. పదేళ్ళు. ఒక్కసారి కూడా పాడలేదు. పెదవులు కదిపేదాన్ని. సిస్టర్‌కి తెలుసనే అనుకుంటాను.

మే 12
పొడి 43, తడి 29. పక్షులు 23.

వేడి తగ్గుతోంది. 43 అని రాస్తుంటే ప్రాణం లేచి వచ్చినట్టుంది.

అయితే లోపల చల్లదనం అంత లేదు. 36. తడికల్లో బూజు పట్టిందేమోనని విప్పి దులిపాను. బాగానే ఉన్నాయి.

మే 14
పొడి 41, తడి 31. పక్షులు 23.

గాలి తిరిగింది. తూర్పు నుంచి వస్తోంది.

వంటింట్లో ఉప్పు చెమ్మగిల్లి ముద్దయింది. పుస్తకం కాగితాలు మెత్తబడ్డాయి, సిరా పాకుతోంది.

"సముద్రం వాసన పాపా," అన్నాడు బాబాయ్. "నా చిన్నప్పుడు సముద్రం చూడాలంటే తెల్లారి బస్సెక్కితే మిట్టమధ్యాన్నానికి చేరేవోళ్ళం. ఇప్పుడదే మనల్ని చూట్టానికి వస్తంది."

నలభై కిలోమీటర్ల దాకా వచ్చిందని మాళిగలో అనుకుంటున్నారట. సిస్టర్ గోధుమ అట్ట పుస్తకం రాసిన ఏడాది అది తొంభై కిలోమీటర్లకు అవతలే.

మేస్త్రి ఈ రోజు ఈత ఆకు అంచు కొరికి వదిలేశాడు. రెండుసార్లు.

మే 16
పొడి 39, తడి 34.

పక్షుల సంఖ్య చివర రాస్తాను.

ఉదయం ఏడింటికి తూర్పున మబ్బు ఉంది. మేస్త్రి రెక్కలు ఆడిస్తూ అరిచాడు. ఆ అరుపు నేను ఎప్పుడూ వినలేదు. తొట్టిలోని ఈత చెట్టును లోపలికి జరిపాను. వాడు ఆకు అంచుకు గాటు పెట్టి, చీరిక పట్టుకుని ఎగిరాడు. అది ఆకు పొడవునా చీలి ఊడి వచ్చింది. కొమ్మ మీద దాన్ని కాలికింద తొక్కి పెట్టి, ముక్కుతో చుట్టి, తిప్పి, లోపలికి దూర్చి లాగాడు. జారలేదు.

నేను నేల మీద కూర్చుండిపోయాను. కుర్ర మగపిట్టలు నాలుగూ పక్క కొమ్మ మీదికి వచ్చి మెడలు సాచి చూస్తున్నాయి.

తొమ్మిదిన్నరకు బాబాయ్ వచ్చాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. తువాలు పిండుతుంటే ధార కట్టింది.

"మొదలెట్టాడు బాబాయ్!" అన్నాను.

కిటికీలోంచి చూసి మురిసిపోయాడు. తర్వాత గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఎండ లేదు గానీ ఏందో పాపా, ఊపిరాడట్లా. చెమట కారటమే గానీ ఆరట్లా. నీకు లేదా?"

నా ఒంటి మీద చలువ చొక్కా ఉంది. "లేదు," అన్నాను.

"ఇయ్యాల తడికలు తడపమాక. తలుపులన్నీ బార్లా తియ్యి. తడి మీద తడేంది, పిట్టలు ఉడికిపోవా?"

ముప్పై ఎనిమిది దాటింది. లోపలికి వెళ్ళి గోధుమ అట్ట పుస్తకం తెచ్చి నాలుగో పేజీ చూపించాను. ఆయన చదవలేడు. నేను చదివి వినిపించాను.

"సిస్టరమ్మ రాసిందేనా?"

"ఆమే."

"అయితే సరేలే. నాకేం తెలుసు, బండి తోలేవోణ్ణి."

సైరన్ మోగుతుంటే వెళ్ళిపోయాడు. నేను తలుపులు మూశాను. తడికలు తడిపాను.

పదకొండుకి గూడు కడియంలా అయింది. పన్నెండున్నరకు కడియం మీద కప్పు దిగుతోంది. సగం గూడు బోర్లించిన గంటలా ఉంటుందని చదివాను. అలాగే ఉంది.

పిట్టలన్నీ రొప్పుతున్నాయి. తుంపర తిప్పాను. ఆగలేదు. పెంచాను.

మేస్త్రి ముక్కున చీరిక ఉంటే రొప్పలేడు. చీరిక వదిలి, నోరు తెరిచి నాలుగైదు ఊపిర్లు తీసి, మళ్ళీ అందుకునేవాడు. వదిలిన ప్రతిసారీ నేనే చీరిక ఏరి కొమ్మ మీద పెట్టాను. వాడికి సాయం చేస్తున్నానని అనుకున్నాను.

ఒంటిగంటకు ఏదో తప్పుగా ఉందనిపించింది. ఫోన్ ఎత్తాను. మాళిగలో జపమాల ఆగింది. "హలో, ఎవరూ?" అని హాలంతా మోగింది. వెనక నిశ్శబ్దం. రెండు వందల మంది వింటున్న నిశ్శబ్దం. "పిట్టల పిల్లేమో," అన్నారెవరో.

పెట్టేశాను. తుంపర ఇంకా పెంచాను.

ఒకటీ ఇరవైకి మొదటిది పడింది. కాళ్ళు నీళ్ళలో పెట్టాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. దానితో ఉండగానే ఇంకో రెండు పడ్డాయి. ఆ తర్వాత లెక్క లేదు. ఒక్కో దాని దగ్గరికి పరుగెత్తాను. మేస్త్రి వైపు చూసినప్పుడల్లా వాడు గూటి లోపల తలకిందులుగా వేలాడుతూ ఉన్నాడు. గిజిగాళ్ళు అలాగే అల్లుతాయి. పని చేస్తున్నాడని ధైర్యంగా ఉన్నాను.

రెండూ పదికి నా చొక్కా బ్యాటరీ అయిపోయింది.

గొట్టాల్లో నీళ్ళు ఆగిన నిమిషానికి నాకు తెలిసింది. ఇడ్లీ పాత్ర మూత తీసి ముఖం పెట్టినట్టుంది చాపెల్. ఒళ్ళంతా నీరు కారింది, ఒక్క చుక్క ఆరలేదు. ఊపిరి లోపలికి వెళ్తోంది గాని అందులో ఏమీ లేదు.

తుంపర కట్టేసి తలుపులు, కిటికీలు అన్నీ తెరిచాను. పడమటి తడికలు చేతులతో చించి బయట పడేశాను.

తర్వాత మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఇంకా వేలాడుతున్నాడు. కాళ్ళు కడియాన్ని గట్టిగా పట్టుకున్నాయి. ముక్కున చీరిక ఉంది, సగం దూర్చినది. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది.

పక్షులు 9.

మే 17
పొడి 39, తడి 33. పక్షులు 9.

తలుపులు తెరిచే ఉన్నాయి. తడపలేదు. ఒక్కటీ చావలేదు.

సిస్టర్ బాబాయ్ బండిలో వచ్చారు. రెండు మెట్లకోసారి ఆగుతూ ఎక్కారు. పద్నాలుగు పిట్టల్ని తెల్లటి గుడ్డ మీద వరసగా పెట్టాను. ఆమె మేస్త్రి దగ్గర మాత్రమే వంగారు.

తర్వాత ఈ పుస్తకం అడిగారు. వేలు పెట్టి పేజీలు తిప్పారు. 46, 24. 43, 29. 41, 31. 39, 34.

"ఇవి నువ్వే రాశావుగా?"

"అవును సిస్టర్."

"తడి థర్మామీటర్ ఎందుకు పెడతారో ఎనిమిదో తరగతిలో చెప్పాను."

"చెప్పారు."

చెప్పారు. పరీక్షలో వచ్చింది. రెండు అంకెల మధ్య తేడా ఎక్కువ ఉంటే గాలి పొడిగా ఉన్నట్టు, చెమట త్వరగా ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. తేడా తగ్గితే గాలిలో తేమ నిండినట్టు, తడి ఆరదు, ఒళ్ళు చల్లబడదు. బొమ్మ కూడా గీశాను. అయిదుకి అయిదు వేసి పక్కన నక్షత్రం పెట్టారు.

"ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"చేశాను సిస్టర్. పెట్టేశాను."

"ఎందుకు?"

"అందరూ వింటారని."

ఆమె పుస్తకం మూశారు. "అందరూ వింటారని," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

బాబాయ్ గుమ్మంలో తువాలు నలుపుతూ నిలబడ్డాడు. "నాదే తప్పు సిస్టరమ్మా. పాప చేత తలుపులు తీయించి పోవాల్సింది. చదివేసరికి నోరు మూసుకున్నా."

"రాసింది నేను శౌరీ," అన్నారు సిస్టర్. "గాలి ఎప్పటికీ ఒకే వైపు నుంచి వస్తుందనుకున్నాను."

తోట మూలన పాతిపెట్టాం. మేస్త్రిని బాబాయ్ పాతాడు. సిస్టర్ చెప్పిన ప్రార్థన సగంలో ఆయాసంతో ఆగిపోయింది. నేను అందుకోవాల్సింది. పెదవులే కదిలాయి.

మే 20
పొడి 41, తడి 31. తేడా 10. పక్షులు 9.

గోధుమ అట్ట పుస్తకం నాలుగో పేజీ కొట్టేసి కింద రాశాను. ఆ పుస్తకంలో నా చేతిరాత ఇదే మొదటిసారి.

"తేడా పన్నెండు కంటే తగ్గితే తడపవద్దు. తలుపులన్నీ తెరిచి ఫాన్లు పెట్టాలి. గంటకోసారి చలువ చొక్కా విప్పి లోపల నిలబడి చూడాలి. సందేహం వస్తే ఫోన్ చెయ్యాలి. ఎంతమంది వింటున్నా."

మే 27
పొడి 40, తడి 31. తేడా 9. పక్షులు 9.

కుర్ర మగపిట్టల్లో రెండు మిగిలాయి. అవి మేస్త్రి చేసింది ఒక్క పూట చూశాయి. ఆ ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం దాకా. నిన్న చీరికలు ఇచ్చాను. చుట్టాయి. జారాయి.

ఈ రోజు అవి సగం గూటి మీద వాలి చీరికలు లాగడం మొదలుపెట్టాయి. అదిలించడానికి చెయ్యెత్తి ఆగాను. గిజిగాళ్ళు ఒకదాని గూట్లోంచి ఒకటి దొంగిలిస్తాయి, అది వాటి స్వభావం.

కాగితం తెచ్చుకున్నాను. చీరిక ఊడి వస్తుంటే అది ఏ దారిన వెళ్ళిందో గీశాను. పైనుంచి, కింద నుంచి, రెండు చుట్లు, తన కిందనుంచి తానే, బయటికి. సాయంత్రానికి కొమ్మ మీద కడియం మాత్రమే మిగిలింది. నా దగ్గర ముప్పై ఒక్క బొమ్మలు ఉన్నాయి.

జూన్ 2
పొడి 40, తడి 32. తేడా 8. పక్షులు 9. వాన లేదు.

ఆరో తరగతిలో సిస్టర్ మాకు లేసు అల్లిక నేర్పారు. ఆ కొక్కెం సూది నా పెట్టెలోనే ఉంది. దానితో ఈత చీరిక పట్టుకుని, బొమ్మలు చూస్తూ, కడియం పక్కన ముడి వేశాను. మొదటి రోజంతా తెగాయి. రెండో రోజు జారాయి. ఈ రోజు ఒకటి నిలిచింది.

పిట్టలు నా వైపు చూడలేదు. మూకుడు దగ్గర కీచులాడుకుంటున్నాయి.

బాబాయ్ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. ఆ రోజు తర్వాత ఆయన హాస్యాలాడటం మానేశాడు.

"ముడి బానే ఉంది పాపా. మేస్త్రైతే అరుస్తా కట్టేవోడు. సప్పుడు లేకుండా కడితే పిట్టలెందుకు చూస్తయ్?"

"నాకు రాదు బాబాయ్."

"ఎవరున్నారిక్కడ? నేను పోతన్నా."

నిజంగానే వెళ్ళిపోయాడు. బండి కొండ దిగేదాకా విన్నాను.

జూన్ 3
పొడి 39, తడి 32. తేడా 7. పక్షులు 9.

ఉదయం ఏడు. తలుపులు తెరిచి ఉన్నాయి. చలువ చొక్కా వేసుకోలేదు.

కొక్కెంతో చీరిక దూరుస్తూ మేస్త్రి అరుపు అరవబోయాను. మొదట గాలే వచ్చింది. మూడోసారికి శబ్దం వచ్చింది, చాపెల్ పైకప్పుకు తగిలి తిరిగి వచ్చింది. వాడి అరుపులా లేదు. దేనిలానూ లేదు. ఆపకుండా ముడి పూర్తయ్యేదాకా అరిచాను.

ఒక పిట్ట తల తిప్పి చూసింది.